పన్ను విరిగిన ఉలి

వెస్ట్ హార్లో, మసాచుసెట్స్
9 నవంబర్ 1975

లవీనా అక్కకి,

ముందే చెప్పేస్తున్నాను, ఇది క్షేమసమాచారాల ఉత్తరం కాదు. నేను బాగానే ఉన్నాను. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి పోయే దారిలో ఉంది. అందుకే ఫోన్ చెయ్యకు. పోయినసారి నువ్వు "మంచు పడింది" అంటే నాకు "మంచం విరిగింది" అని వినిపించి, వారం రోజులు నీ నడుం గురించి బెంగపడ్డాను. ఏదున్నా కాగితం మీద పెట్టు.

అసలు సంగతికి వస్తాను. వచ్చే జులై నాలుగుకి దేశానికి రెండు వందల ఏళ్లు నిండుతాయని మన ఊరివాళ్లకి పూనకం వచ్చింది. ఊరి చరిత్ర సంఘం కార్యదర్శి ఇప్పుడు మిసెస్ స్కోవిల్. నీకు గుర్తుండే ఉంటుంది, బళ్లో నీ వెనక కూర్చుని నీ జడ సిరాబుడ్డిలో ముంచిన పిల్ల. మొన్న నా షెడ్డుకి వచ్చి, "ఓరిన్, మీ ఎలిహూ టెఫ్ట్ 1771లో చేసిన పిట్టల తుపాకీకి అచ్చు గుద్దినట్టు ఇంకోటి చెయ్యగలవా? అసలుది సభామందిరంలో అద్దాల పెట్టెలో పెడతాం, నీది మైదానంలో పేలుస్తాం" అంది. చెయ్యగలనా అట! ముప్ఫై ఏళ్లుగా ఈ షెడ్డులో కూర్చుని నేను చేస్తున్నవి రొట్టెలా?

చెకుముకి రాయితో పేలే పాత తుపాకులు తెచ్చుకుని, కొలతలు తీసి, వాటి పోలికలో నలభై రెండు కొత్తవి చేశాను. అన్నీ ఊళ్లోవాళ్ల తాతలవి. మన ముత్తాత ఎలిహూది మాత్రం ఒక్కసారి కూడా నా బల్ల ఎక్కలేదు, ఎందుకంటే అది నీ గోడ మీద ఉంది. నీ పెళ్లిరోజున నాన్న అందరి ముందూ దాన్ని నీ చేతిలో పెట్టి, నాకు తన ఉలుల పెట్టె ఇచ్చాడు. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్నది నేను, తుపాకీ నీకు. సరేలే, ముప్ఫై అయిదేళ్ల కిందటి మాట, నాకేం గుర్తులేదు.

జులై దాకా ఇవ్వు. గీత పడకుండా తిరిగిస్తాను.

నీ తమ్ముడు,
ఓరిన్


పైన్ కోవ్, మెయిన్
23 నవంబర్ 1975

ఒరేయ్ ఓరిన్,

గుర్తులేని మాట ప్రతి ఉత్తరంలోనూ ఎలా రాస్తావురా?

తుపాకీ పంపడం కుదరదు. దాన్ని దించితే వెనక గోడకి ఎంత మచ్చ ఉందో నాకు తెలుసు, సున్నం వెయ్యడానికి ఈ చలిలో ఎవడూ రాడు. పైగా ఇక్కడి ఉప్పు గాలికి అలవాటుపడిన కర్ర, మీ లోయ గాలికి పగులుతుంది. మా అబ్బాయి ఎవెరెట్ దగ్గర మంచి కెమెరా ఉంది. నాలుగు వైపులా ఫోటోలు తీయించి పంపిస్తాను, చూసి చేసుకో. నీ అంత పనివాడికి ఫోటోలు చాలవా ఏమిటి?

మా అల్లుడు చేపల పడవకి రంగు వేసుకుంటున్నాడు. చెయ్యి చలికి కొంకర్లు పోతోంది, ఇంతకంటే రాయలేను.

లవీనా


వెస్ట్ హార్లో
1 డిసెంబర్ 1975

అక్కా,

ఫోటోలా! ఫోటో చూసి పెళ్లిచూపులు చేసుకుంటారేమో గానీ తుపాకీ చెయ్యరు. కర్ర ఎక్కడ సన్నబడుతుందో వేలికి తెలియాలి, కంటికి కాదు.

ఉప్పు గాలి, గోడ మచ్చ, పోయినసారి అయితే చెదపురుగులు. పైన్ కోవ్‌లో చెదపురుగులు! అక్కా, నేను నీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆ తుపాకీ కింద కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నావు. నేనేం దొంగనా? ఒక్కసారి నిజం చెప్పు. నా చేతులకి అంత అర్హత లేదని నాన్న అనుకున్నాడు. నువ్వూ అలాగే అనుకుంటున్నావా?

ఓరిన్


పైన్ కోవ్
11 జనవరి 1976

ఓరిన్,

నీ ఉత్తరం ఆరు వారాలుగా టీ డబ్బా వెనక పెట్టుకుని రోజూ చూస్తున్నాను. నీ చేతుల గురించి ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

గురువారం ఎవెరెట్ బోస్టన్‌కి చేపల లారీ తోలుకొస్తున్నాడు. దుప్పట్లో చుట్టి తుపాకీ ఇచ్చి పంపుతున్నాను. లారీ కంపు కొడితే నన్ననకు.

ఒక్క షరతు. పైపైన ఎన్ని కొలతలైనా తీసుకో. మరలు మాత్రం విప్పకు. పాతకాలపువి, తల తెగితే మళ్లీ రావు. మాట ఇస్తేనే దుప్పటి విప్పు.

లవీనా


వెస్ట్ హార్లో
15 ఫిబ్రవరి 1976

బంగారు అక్కా,

మాట ఇచ్చాను, దుప్పటి విప్పాను, ఆ రోజంతా అన్నం మానేశాను.

ఏం తుపాకీ అక్కా! నా అంత పొడవు. గొట్టం వెనక, కర్ర మీద చెక్కిన ఆ గవ్వ చూశావా? ముప్ఫై అయిదేళ్లు నీ నెత్తి మీదే ఉంది, చూసే ఉండవు. ఏడు గీతల గవ్వ. ఆరు గీతలు ఒక్క ఊపులో లాగాడు, ఏడోది కొంచెం వణికింది. సరిదిద్దలేదు, అలాగే వదిలేశాడు. తన పని మీద అంత ధైర్యం ఉన్నవాడు చెయ్యి సరిదిద్దుకోడు. భుజానికి ఆన్చే మడమ ఈనిన ఆవు పొట్టలా కిందికి జారింది, అయినా ఎత్తి పట్టుకుంటే బరువే తెలియదు.

నేను వెంటనే మన ఊరి వారపత్రికకి వ్యాసం రాసిచ్చాను. పోయిన శుక్రవారం అచ్చయింది. "ఈ గవ్వ చెక్కిన చెయ్యిలాంటిది ఈ లోయలో రెండు వందల ఏళ్లుగా మళ్లీ పుట్టలేదు, నాదీ కాదు" అని రాశాను. నేను, ఓరిన్ టెఫ్ట్, నాదీ కాదని రాశాను! మిసెస్ స్కోవిల్ దాన్ని కత్తిరించి కార్యాలయం గోడకి అంటించింది.

నా తుపాకీకి మేపుల్ కర్ర కోసి, పైరూపం చెక్కేశాను. ఇత్తడి భాగాలకి ఇసుకలో అచ్చులు తీసి పోత పోశాను. చెకుముకి యంత్రం నేనే చేశాను, నిప్పు రవ్వ అల్లంత దూరం ఎగురుతోంది. పాతదాని మీదున్న ప్రతి సొట్టా, ప్రతి అరుగుదలా కొత్తదాని మీద దించుతున్నాను, పక్కపక్కన పెడితే ఎలిహూయే తికమకపడాలి. నా పేరు మాత్రం గొట్టం అడుగున చెక్కుతాను. రేపు ఎవడూ దాన్ని పాతదని అమ్ముకోకూడదు కదా.

నీ ఓరిన్


వెస్ట్ హార్లో
14 మార్చి 1976

అక్కా,

మరలు విప్పాను. మాట తప్పాను. చెకుముకి యంత్రం కర్రలో కూర్చునే గుంట ఎంత లోతో తెలియకుండా నాది తొలవలేకపోయాను. తల ఒక్కటీ తెగలేదు.

యంత్రం ఎలిహూదే, అనుమానం లేదు, లోపల ఆయన ముద్ర ఉంది. కానీ కర్రలో గుంట అడుగున, ప్రతి ఉలి వేటులోనూ, కుడివైపు వెంట్రుకంత మిట్టగీత ఉంది. ఉలి అంచులో పన్ను విరిగి ఉంటే పడే గీత అది.

ఆ ఉలి నాకు తెలుసు. 1931లో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, దాన్ని దాగలి మీద పడేసింది నేనే. నాన్న నా చెవి మెలేసి, "ఇంత మంచి ఉక్కు అరగదీసి పారేస్తానా? కనపడని చోట వాడుకుంటాలే" అన్నాడు. ఆయన ఇచ్చిన పెట్టెలో అది ఇప్పటికీ ఉంది. తెచ్చి ఆ గీత మీద ఆన్చాను. సరిగ్గా కూర్చుంది.

1771 నాటి కర్రలో నేను 1931లో విరగ్గొట్టిన ఉలి గీత ఎలా వచ్చింది? నీకు తెలుసు. అందుకే విప్పొద్దన్నావు. ఇన్నాళ్లూ నన్ను వెర్రివెధవని చేశారు, నువ్వూ నాన్నా కలిసి. చెప్పు.

ఓరిన్


పైన్ కోవ్
22 మార్చి 1976

నాయనా ఓరిన్,

చెప్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

1934 శరదృతువులో నీ చెవికి ఆపరేషన్ చేసి, రెండు నెలలు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆసుపత్రిలో ఉంచారు, గుర్తుందా? అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. ఇంట్లో అందరూ నీ గురించే ఏడుస్తున్నారు, నన్ను పట్టించుకునేవాళ్లు లేరు. ఒక పొద్దున తాతయ్య మేకుల మీంచి ఆ తుపాకీ దించుకుని నది గట్టుకి బాతుల వేటకి వెళ్లాను. గట్టు జారి పడ్డాను. గొట్టం మూతి బురదలో దిగబడింది. తుడిచాననే అనుకున్నాను. బాతులు లేచాయి, పేల్చాను. గొట్టం చీలిపోయింది, ముందు కర్ర పేలికలైపోయింది. నా ఎడమచేతికి రెండు వేళ్లు లేవని నీకు తెలుసు కదా. ఆపిల్ జామ్ కాగులో చెయ్యి పడిందని నీకు చెప్పాం. కాగూ లేదు, జామూ లేదు.

నాన్న పరిగెత్తుకొచ్చాడు. ముందు నా చెయ్యి చూశాడు, తర్వాత తుపాకీ చూశాడు. ఆ వరస నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

తాతయ్యకి అప్పటికే కళ్లు పోయాయి. ప్రతి ఆదివారం ఆ తుపాకీని ఒళ్లో పెట్టుకుని నిమురుకునేవాడు. అదే ఆయన ప్రార్థన. "ఇది తెలిస్తే ఆయన బతకడు, నువ్వూ జన్మంతా తల ఎత్తుకోలేవు" అన్నాడు నాన్న. ఎక్కడో అదే పొడవున్న పాత గొట్టం సంపాదించాడు. ఎలిహూ యంత్రం, ఇత్తడి చెడిపోలేదు. కర్ర మొత్తం కొత్తగా చెక్కాడు. మూడు ఆదివారాలు తాతయ్యకి తుప్పు వదిలిస్తున్నామని చెప్పాం. నాలుగో ఆదివారం ఒళ్లో పెట్టాం. నేను తలుపు పక్కన కట్టు కట్టిన చేత్తో నిలబడ్డాను. తాతయ్య మడమ నుంచి మూతి దాకా తడిమాడు. గవ్వ దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

"ఏసా, గవ్వ పదును తేలిందే. మైనం బాగా రుద్దావా?" అన్నాడు.

"రుద్దాను నాన్నా."

"బాగుంది" అన్నాడు తాతయ్య. అంతే. ఆయనకి తెలిసిందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.

ఇక నా పెళ్లిరోజు సంగతి. పొద్దున వంటింటి వెనక గదిలోకి పిలిచి నాన్న ఏమన్నాడో మాటకి మాట రాస్తున్నాను. "ఇది వాడికే ఇవ్వాలి తల్లీ, వాడిదే న్యాయం. కానీ ఇచ్చిన రోజే మరలు విప్పుతాడు. ఊళ్లో అందరి కళ్లూ కప్పగలను గానీ వాడి కళ్లు కప్పలేను. నీ పేరు బయటపెట్టనని నీకు మాటిచ్చాను." నువ్వు ఆ రోజు విందు మధ్యలో లేచి వెళ్లిపోయావు. నాన్న కిటికీ దగ్గర నిలబడి నువ్వు వెళ్లడం చూశాడు, కేకు ముట్టుకోలేదు.

నీ చేతిని తక్కువ చెయ్యలేదురా, నీ కంటికి భయపడ్డాడు. నాన్న పోయాకైనా నేను చెప్పి ఉండాల్సింది. సిగ్గేసింది. ఏడాది గడిచేకొద్దీ ఇంకా సిగ్గేసింది. నన్ను క్షమిస్తావో లేదో నీ ఇష్టం.

లవీనా


వెస్ట్ హార్లో
27 మార్చి 1976

అక్కా,

ఉత్తరం అందింది. కొన్నాళ్లు ఆగు.

ఓ.


వెస్ట్ హార్లో
19 ఏప్రిల్ 1976

అక్కా,

మూడు వారాలు షెడ్డు తాళం తియ్యలేదు. మొదటి వారం నీ మీద కోపం. రెండో వారం నాన్న మీద. మూడో వారం ఎవరి మీదా రాలేదు, అయినా తెచ్చుకుందామని చూశాను. నిన్న వెళ్లి తాళం తీసి, తుపాకీ బల్ల మీద పెట్టుకుని ఏడ్చాను. యాభై మూడేళ్లవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

నెలంతా ఎలిహూని పొగిడాను కదా! ఆ గవ్వ, ఆ వణికిన ఏడో గీత, సరిదిద్దని ధైర్యం, అవన్నీ నాన్నవి! రెండు వందల ఏళ్లుగా మళ్లీ పుట్టలేదని నేను అచ్చేయించిన చెయ్యి నాకు అన్నం తినిపించిన చెయ్యి. ఆయన బతికుండగా నేను ఒక్కసారి కూడా "బాగా చేశావు నాన్నా" అనలేదు. ఇప్పుడు తెలియకుండానే ఊరంతటికీ చాటింపు వేశాను. ఎవరో తాతముత్తాత అనుకుని పొగిడాను కాబట్టి మొహమాటం కూడా పడలేదు. ఇంతకంటే నిఖార్సైన మెప్పు ఏ తండ్రికి దొరుకుతుంది చెప్పు!

ఉలి వేటులో నేను చేసిన తప్పు, నాన్న చేతిపనిలో, ఎలిహూ యంత్రం కింద ఉంది. ముగ్గురం ఒకే గుంటలో ఉన్నాం. గర్వంగా ఉంది అక్కా, రొమ్ము పట్టనంత గర్వంగా ఉంది.

ఇక నా తుపాకీలో ఆ గుంట తొలవాలి. పన్ను విరిగిన ఉలితోనే తొలుస్తాను.

నిన్ను క్షమించడానికేముంది? వేళ్లు పోగొట్టుకున్నది నువ్వు.

నీ ఓరిన్


పైన్ కోవ్
3 మే 1976

ఓరిన్,

నీ ఉత్తరం ఎవెరెట్‌కి చదివి వినిపించాను, రెండోసారి వాడే లాక్కుని చదివాడు.

కానీ ఒక భయం పట్టుకుంది. అద్దాల పెట్టెలో ఏం కాగితం పెడతారు? 1771 అని పెడితే అబద్ధం. నిజం పెడితే నా సంగతి సరే, ఎవరేమనుకున్నా ఇప్పుడు నాకు లెక్కలేదు, నా పేరు పెద్ద అక్షరాలతో రాయించు. నీ సంగతేమిటి? నీ పేరు మీద నమ్మకంతో నలభై రెండుమంది నీ తుపాకులు తీసుకున్నారు. "కన్నతండ్రి పనినే పోల్చుకోలేక పేపర్లో రాశాడు, ఈయన కన్ను ఇంతేనా" అంటారు. నీకున్నది ఆ కన్నొక్కటే. చెవులు ఎలాగూ లేవు.

ఆలోచించుకో. నువ్వు నోరు మూసుకోమంటే మూసుకుంటాను, నాకు అనుభవం ఉంది.

లవీనా


వెస్ట్ హార్లో
13 జూన్ 1976

అక్కా,

నిన్న చరిత్ర సంఘం సమావేశం. మొత్తం చెప్పేశాను. తుపాకీ, ఉలి రెండూ పట్టుకెళ్లి, యంత్రం విప్పి, గీత చూపించి మరీ చెప్పాను.

మిసెస్ స్కోవిల్ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఓరిన్, పోస్టర్లు అచ్చయిపోయాయి! '1771 నాటి తుపాకీ' అని రెండు వందల పోస్టర్లు! నువ్వు ఆ మరలు బిగించేసి ఇంటికెళ్లి పడుకుంటే ఎవరికి తెలుస్తుందయ్యా?" అని నా మంచి చెవిలో అరిచింది.

"నాకు తెలుస్తుందమ్మా. అద్దాల పెట్టెలో మా నాన్న పనికి వేరేవాళ్ల పేరు పెడితే నేను ఊరుకోను, ఆ వేరేవాడు మా ముత్తాతైనా సరే" అన్నాను.

అప్పుడు ఆ పాలవాడు ఏమస్ ప్రాట్ లేచాడు. వాడికి నేనంటే మొదటినుంచీ పడదు. "అయితే మీ నాన్న నిన్నే బురిడీ కొట్టించాడన్నమాట. పేపర్లో రాసేంత గొప్పగా!" అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు వినపడలేదు గానీ పళ్లు కనపడ్డాయి.

"కొట్టించాడు! ఈ రాష్ట్రంలో నన్ను బురిడీ కొట్టించగలిగినవాడు ఒక్కడే, వాడు మా నాన్న. మీ నాన్న పాలలో నీళ్లు కలిపితే ఊరందరికీ తెలిసిపోయేది" అన్నాను. ఈసారి నవ్వు నాకూ వినపడింది. ఏమస్ కూడా నవ్వాడు, పాపం.

కాగితం నేనే రాశాను. "యంత్రం, ఇత్తడి: ఎలిహూ టెఫ్ట్, 1771. కర్ర: ఏసా టెఫ్ట్, 1934. కూతురి కోసం చేశాడు." అంతే. నీ పేరు రాయలేదు. అడిగితే నువ్వే చెప్పుకో.

ఎందుకంటే నువ్వు వస్తున్నావు. జులై నాలుగున మైదానంలో నా తుపాకీ పేల్చేది నువ్వే. వద్దనకు. 1934 తర్వాత నువ్వు తుపాకీ ముట్టలేదని నాకు ఇప్పుడు అర్థమైంది. నా గొట్టానికి నేను పూచీ. చెట్టుకి కట్టి, తాడుతో లాగి, మామూలుకంటే ఎక్కువ మందుతో మూడుసార్లు పరీక్షించాను. నా పని మీద నమ్మకం ఉంటే రా.

ఓరిన్


వెస్ట్ హార్లో
13 జులై 1976

అక్కా! అక్కా! అక్కా!

ముందు ఇది. నాలుగో తారీఖున నువ్వు ఆ తుపాకీ ఎత్తి, ఆ మూడు వేళ్ల చేత్తో కర్ర కింద పట్టు పట్టి, మూతిలోకి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తొంగిచూసి, భుజానికి ఆన్చావు. నిప్పు మెరిసింది, పొగ కమ్మింది, నాకే వినపడిందంటే ఎంత మోగిందో చూసుకో. పొగలోంచి నువ్వు బయటికొచ్చి, "ఇంకోసారి మందు పోయ్" అన్నావు. మిసెస్ స్కోవిల్ ఏడుస్తూ స్ట్రాబెర్రీ కేకు తినడం నేను చూశాను. ఊళ్లో ఇప్పటికీ అదే మాట.

ఇప్పుడు అసలు సంగతి. సభామందిరం నుంచి నాన్న తుపాకీ తెచ్చి, రెండూ కడిగి, తుడిచి, బల్ల మీద పక్కపక్కన పెట్టాను కదా. పొద్దున్నే నేను లేచేసరికి నువ్వూ ఎవెరెటూ బయల్దేరిపోయారు. ఇవాళ పైన కప్పిన గుడ్డ తీసి, మరలు విప్పి చూస్తే ఏముంది? గొట్టం అడుగున నా పేరు లేదు! నాన్నది ఇక్కడ ఉంది! నువ్వు నాది పట్టుకుపోయావు!

ముప్ఫై ఆరేళ్లు దాని కింద కాపలా కూర్చున్నదానివి, తేడా తెలుసుకోలేకపోయావు! తాతయ్య వేళ్లని నాన్న మోసం చేస్తే, నీ కళ్లని నేను మోసం చేశాను. ఇంక నాకు ఏ మెప్పూ అక్కర్లేదు. ఈ ఉత్తరానికి చట్రం కట్టించి పెట్టుకో.

నీది ఎవెరెట్ లారీ ఎప్పుడొస్తే అప్పుడు పంపిస్తాను. నాది తిరిగి పంపు.

గర్వంతో పగిలిపోతున్న,
ఓరిన్


పైన్ కోవ్
19 జులై 1976

ఒరేయ్ పిచ్చి తమ్ముడూ,

ఎంత కడిగినా కాలిన మందు వాసన పోతుందట్రా? మసాచుసెట్స్ నుంచి మెయిన్ దాకా కారంతా ఆ వాసనే. నాన్న తుపాకీ 1934 నుంచి ఒక్కసారి కూడా పేలలేదు. నీకు పోయినవి చెవులే అనుకున్నాను, ముక్కు కూడా పోయిందన్నమాట.

పొరపాటున తేలేదు. ఆ పొద్దున రెండింటినీ వాసన చూసి, నీది తీసి దుప్పట్లో చుట్టాను. నాన్నది నీ బల్ల మీదే ఉంచి గుడ్డ కప్పాను. ఎవెరెట్ సాక్షి.

ఇక్కడికొచ్చాక నేనూ మరలు విప్పాను. యంత్రం తీసి చూశాను, గుంటలో గీత ఉంది. గొట్టం తీసి అడుగున చూశాను. నీ పేరు చెక్కుతానన్నావు. "ఏసా కొడుకు ఓరిన్" అని చెక్కావు. అది చదివాక దాన్ని గోడకి పెట్టి, కింద కాపలా కుర్చీ తీసేశాను. వచ్చినవాళ్లందరికీ దించి చూపిస్తున్నాను, మా తమ్ముడు చేశాడని.

ఎవెరెట్ లారీ కోసం చూడకు. నాన్న తుపాకీ నీకే ఇవ్వాలనుకున్నాడు, ఇచ్చేశాను. ఆదివారాలు ఒళ్లో పెట్టుకో.

నీ అక్క,
లవీనా